మా ఊరి గవర్నమెంట్ స్కూల్ రివ్యూ: అన్నం బాగుంది, చదువు బాగుంది, రేపు బడి ఉందో లేదో మాత్రం తెలీదు

మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం, కర్రీ పాయింట్‌లో పప్పు నీళ్లగా ఉంటే రాస్తాం, ఆఖరికి ఫోన్ పౌచ్‌కి కూడా ఫొటోలు పెట్టి మరీ రాస్తాం కానీ పిల్లల్ని పదేళ్లు పంపే గవర్నమెంట్ స్కూల్‌కి మాత్రం ఎవరూ రాయరు, ఫ్రీ కదా అడిగే హక్కు మనకెక్కడిది అని కాబోలు. ఫ్రీ ఏం కాదండీ, తలకి రాసుకునే నూనె కొన్నా జీఎస్టీ కడుతున్నాం. అందుకే రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మాది గన్నవరం వైపు ఒక చిన్న ఊరు. ఊరి పేరు, బడి పేరు చెప్పను, ఎందుకంటే నేను తిట్టబోయేది అక్కడ పాఠాలు చెప్పే మేడం గార్లని కాదు, పేరు పెడితే మొదట మాట పడేది మాత్రం వాళ్లే. నేను బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల షాపులో సేల్స్‌లో చేస్తాను, మా ఆయనది ట్రాలీ ఆటో. అత్తయ్య గారు మా బావగారింట్లో ఉంటారు, మా అమ్మది నూజివీడు. అంటే పగలు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ ఉండరు, ఇది గుర్తుపెట్టుకోండి, ఈ రివ్యూ మొత్తం దాని మీదే నడుస్తుంది. పాప 2019 జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది, ఇప్పుడు ఏడు చదువుతోంది. బాబు 2022లో చేరాడు, ఇప్పుడు నాలుగు.

ముందు బాగున్నవి చెప్పేస్తా, లేకపోతే ఈవిడకి అన్నీ కంప్లయింట్లే అంటారు. అన్నం నిజంగా బాగుంటుంది. బళ్లో మధ్యాహ్న భోజనానికి గోరుముద్ద అని పేరున్న రోజుల్లోనూ పర్లేదు, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, 2025 జూన్ నుంచి సన్న బియ్యం ఇస్తున్నారు, అప్పట్నించి మా వాడు ఇంట్లో అన్నం ముద్దగా అయితే బళ్లో అన్నమే బాగుంటుందమ్మా అని నా మొహం మీదే చెప్తున్నాడు. వారంలో ఐదు రోజులు గుడ్డు, చిక్కీ, రాగి జావ. మేము ఇంట్లో రోజూ గుడ్డు పెట్టలేం, ఉన్నమాట చెప్తున్నా. పుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫాం బట్ట అన్నీ ఇస్తారు, బూట్లు సైజు ఒక్కోసారి తేడా వస్తుంది, పక్క పిల్లాడితో మార్చుకుంటారు, అది పెద్ద విషయం కాదు. నాడు-నేడు అని బడులు బాగుచేసే పథకంలో పెట్టిన బల్లలు, ఫ్యాన్లు, బాత్రూములు ఉన్నాయి. మేడం గార్లు డీఎస్సీ అని టీచర్ ఉద్యోగాల పరీక్ష రాసి పోటీలో నెగ్గి వచ్చినవాళ్లు, మా పాపకి భిన్నాలు అర్థమైంది అయిదో తరగతిలో మాస్టారు బోర్డు మీద జంతికలు గీసి పంచినప్పుడే. చదువు విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

మరి గొడవ ఎక్కడంటే, బడి ఉన్న రోజు బాగుంటుంది. అసలు ఉందా లేదా అన్నదే తేలదు. రెండోది, ఇవాళ ఉన్న బడి వచ్చే జూన్‌లో అదే చోట ఉంటుందా అన్నది కూడా తేలదు.

కరోనా సంగతి ఎక్కువ చెప్పను, ప్రపంచమంతా మూసేశారు, మనమొక్కళ్లమే కాదు. కానీ లెక్క కోసం చెప్పాలి. 2020 మార్చిలో మూశారు. ప్రైమరీ పిల్లలకి మళ్లీ తలుపులు తీసింది 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20కల్లా సెకండ్ వేవ్ అని మళ్లీ మూసేశారు. అంటే మా పాపకి రెండో తరగతి మొత్తం కలిపి రెండున్నర నెలలు. మళ్లీ ఆగస్టు 16న తెరిచారు, అప్పటికి మూడో తరగతి. సప్తగిరి ఛానల్లో పాఠాలు వేశారు, మాకు టీవీ ఉంది కాబట్టి పెట్టేదాన్ని, పిల్ల అయిదు నిమిషాలు చూసి రిమోట్ లాక్కునేది, ఆరేడేళ్ల పిల్ల టీవీ చూసి ఏం నేర్చుకుంటుంది చెప్పండి. బియ్యం, గుడ్లు, చిక్కీలు మాత్రం ఇచ్చారు, దానికి దండం పెట్టాలి. ఒక మంచి కూడా ఒప్పుకోవాలి, 2022 జనవరిలో ఒమిక్రాన్ అని తెలంగాణలో సంక్రాంతి సెలవులు నెలాఖరు దాకా పొడిగించినా మన దగ్గర పండగ అవగానే తెరిచేశారు, అప్పుడు చాలామంది తిట్టారు గానీ నాకైతే ప్రాణం లేచొచ్చింది.

అసలు కథ ఆ ఏడాదే మొదలైంది. 2022 జూన్ 10న జీవో 117 అని వచ్చింది. ఊళ్లో ప్రైమరీ స్కూల్లో ఒకటి, రెండు మాత్రమే ఉంచి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూల్లో కలిపేశారు. చెప్పిన కారణం బాగానే ఉంది, మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు వస్తారు, ఇంగ్లీషుకి వేరే, లెక్కలకి వేరే అన్నారు. కాగితం మీద నాకూ నచ్చింది. కానీ ఆ కిలోమీటరు ఎలా కొలిచారో ఆ దేవుడికే తెలియాలి, మా ఊరి నుంచి హైస్కూల్‌కి వెళ్లాలంటే కాలవ వంతెన దాటాలి, తర్వాత హైవే దాటాలి. ఎనిమిదేళ్ల పిల్ల. హైవే మీద లారీలు ఎలా పోతాయో ఆ రోడ్డు మీద వెళ్లినవాళ్లకి తెలుసు. ఆ ఏడాది బడులు తెరవాల్సింది జూలై 4న, ప్రధానమంత్రి గారు భీమవరం వస్తున్నారని ఒకరోజు జరిపి 5న తెరిచారు, తెరిచిన రోజు నుంచే రాష్ట్రమంతా గొడవలు, తల్లిదండ్రులు బడి గేట్లకి తాళాలు వేసి కూర్చున్నారు, రోడ్ల మీద ధర్నాలు చేశారు. మా ఊళ్లో కూడా ఒకపూట కూర్చున్నాం, మండల విద్యాధికారి (ఎంఈవో) గారు వచ్చి ఆర్డర్ పైనుంచి వచ్చిందమ్మా నా చేతుల్లో ఏం లేదు అన్నారు, నిజంగానే ఆయన చేతుల్లో ఏం లేదు పాపం.

హైస్కూల్‌కి వెళ్తే అక్కడ గదులు చాలవు. మూడు ఊళ్ల పిల్లలు ఒక్కసారి వచ్చి పడ్డారు. కొన్నాళ్లు మా పాప క్లాసు వరండాలో. సబ్జెక్టు టీచర్లు వచ్చారు నిజమే, కానీ వాళ్లకి తొమ్మిది, పది చెప్పడం అలవాటు, ఎనిమిదేళ్ల పిల్లలు బాత్రూంకి వెళ్తాం సార్ అని పీరియడ్‌కి పదిసార్లు లేస్తుంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. ఇక్కడ ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతులకి ఒక్క మేడం గారు. ఆవిడకి జ్వరం వచ్చినా, ట్రైనింగ్ పడినా బడికి తాళమే, లేకపోతే పక్క ఊరి నుంచి ఎవరినో ఆ పూటకి పంపిస్తారు, వాళ్లు వచ్చేసరికి పదిన్నర. మా బాబు ఒకటో తరగతి అలాగే గడిచింది.

అప్పుడేమైందంటే ఉన్నవాళ్లంతా ఒక్కొక్కళ్లే జారుకున్నారు. మా వీధిలోనే ముగ్గురు పిల్లల్ని ప్రైవేటుకి మార్చారు. చదువు కోసం కాదు, పసుపు బస్సు ఇంటి ముందుకి వస్తుందని. హైవే దాటక్కర్లేదు, అంతే. ఫీజు అప్పు చేసి కట్టారు.

తర్వాత ప్రభుత్వం మారింది, 117 రద్దు చేస్తాం అన్నారు, 2025 మేలో చేశారు కూడా. సంతోషించాం, పిల్లలు మళ్లీ ఊరి బడికి వస్తారనుకున్నాం. కొత్త ఆర్డర్లలో తొమ్మిది రకాల బడులు అట, ఫౌండేషనల్ అని, బేసిక్ ప్రైమరీ అని, మోడల్ ప్రైమరీ అని. మోడల్ ప్రైమరీ అంటే అరవై మంది పిల్లలు ఉండాలి, అప్పుడు క్లాసుకో టీచర్ ఇస్తారు. క్లాసుకో టీచర్ అన్నది బంగారం లాంటి మాట, కాదనను. కానీ మా ఊరి బడిలో అరవై మంది ఎక్కడున్నారు, మూడేళ్ల కింద మూడు తరగతులు మీరే తీసుకెళ్లిపోయారు, మిగిలిన రెండింట్లో కూడా సగం మంది ప్రైవేటుకి పోయారు. పిల్లల్ని తీసేసిందీ వాళ్లే, పిల్లలు తక్కువున్నారు కాబట్టి మీకు మోడల్ స్కూల్ రాదు అనేదీ వాళ్లే. పార్టీ మారింది గానీ లెక్క మారలేదు. స్కూల్ కమిటీ మీటింగ్ పెట్టారు, తీర్మానం ముందే టైపు చేసి ఉంది, సంతకాలు అయ్యాక వివరం చెప్పారు. 2025 జూన్‌లో కూడా చాలా చోట్ల మా బడి మాకే ఉంచండి అని తల్లులు రోడ్డెక్కారు, ఈసారి నేను వెళ్లలేదు, షాపులో లీవు ఇవ్వలేదు.

ఫలితం ఏంటంటే మా బాబు ఒకటి, రెండు ఊరి బడిలో చదివాడు, మూడు హైవే అవతల హైస్కూల్లో చదివాడు, ఇప్పుడు నాలుగు ఇంకో ఊళ్లో మోడల్ ప్రైమరీలో చదువుతున్నాడు. ఇల్లు మారలేదు, వాకిలి మారలేదు, బడి మాత్రం మూడోది. ఇంకో రెండేళ్లకి ఆరో తరగతికి మళ్లీ హైస్కూల్. వాడికి బెస్ట్ ఫ్రెండ్ ఎవర్రా అంటే ఏ స్కూల్లో అమ్మా అని అడుగుతాడు. వాడి మూడో తరగతిలో ఆ ఒక్క ఏడాదైనా అక్కా తమ్ముడు హైస్కూల్‌కి కలిసే వెళ్లేవాళ్లు, పాప వాడి చేయి పట్టుకుని దాటించేది, ఇప్పుడు పాప అటు, బాబు ఇటు. రెండు ఆటోలు. దూరం ఉంటే ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఇస్తారన్నారు, అది వచ్చేటప్పుడు వస్తుంది, ఆటో ఆయనకి మాత్రం అయిదో తారీఖున ఇవ్వాలి. ఇంకోటి, బడికి సెలవిచ్చినా ఆటోకి సెలవు లేదు, నెలంటే నెలే, వర్షానికి నాలుగు రోజులు బడి లేకపోయినా ఫుల్ డబ్బులే, అడిగితే నేను మీ పిల్లల కోసం వేరే బేరం వదులుకున్నా కదమ్మా అంటాడు. అదీ న్యాయమే. మా ఆయన కూడా ఆటోనే కాబట్టి నేనేం అనలేను.

ఇక క్యాలెండర్. దీనికి ఒక్క స్టార్ ఇస్తున్నా, అది కూడా దసరా, సంక్రాంతి సెలవులు ఏడాది మొదట్లోనే కాగితం మీద వేస్తారు కాబట్టి. వేస్తారు గానీ ఉంచరు. 2023 జూన్ 12న బడి తెరిచారు, ఎండలని ఒంటిపూట అన్నారు, 17 దాకా అన్నారు, మళ్లీ 24 దాకా అన్నారు. ఎండ నిజమే, ఆ జూన్‌లో రోడ్డు మీద చెప్పు అతుక్కుపోయింది, పిల్లల్ని మిట్టమధ్యాహ్నం కూర్చోబెట్టమని నేనూ అనను. కానీ పన్నెండున్నరకి పిల్లల్ని బయటికి పంపేస్తే ఆ ఎండలోనే కదా ఇంటికి నడిచి రావాలి, ఇంట్లో ఎవరుంటారు, రేకుల ఇల్లు బడి కంటే చల్లగా ఉంటుందా. బడిలో ఫ్యాన్ ఉంది, మంచినీళ్లు ఉన్నాయి, ఆయా ఉంది. పాఠాలు ఆపండి, పిల్లల్ని నీడన సాయంత్రం దాకా ఉంచండి అంటే అలాంటి రూల్ లేదమ్మా అన్నారు. మార్చి మధ్య నుంచి ఏప్రిల్ దాకా ఏటా ఇదే తంతు, పొద్దున్న 7:45కి బడి, పన్నెండున్నరకి అన్నం పెట్టి పంపేస్తారు. మధ్యలో టెన్త్ పరీక్షల సెంటర్ పడితే ఆ రోజుల్లో చిన్న క్లాసులకి సెలవు, దానికి బదులు ఏ ఆదివారమో బడి అంటారు, ఆదివారం ఎవరు వస్తారు.

2024లో జూన్ 12న తెరవాలి. అదే రోజు మా పక్కనే కేసరపల్లిలో ముఖ్యమంత్రి గారి ప్రమాణ స్వీకారం. రాష్ట్రమంతా బడులు 13న తెరిచారు. మా ఊళ్లో అయితే ఎలాగూ రోడ్లన్నీ జనంతో నిండిపోయాయి కాబట్టి అర్థం ఉంది, శ్రీకాకుళంలో పిల్లాడికి దానితో సంబంధం ఏంటో నాకు తెలీలేదు. ఒక రోజే కదా అంటారు. ఒక రోజే. మా షాపులో ఆ ఒక రోజుకి జీతం కట్.

అదే ఏడాది సెప్టెంబర్ 1న బుడమేరు పొంగింది. దాని గురించి ఎవరినీ ఒక్క మాట అనను. సింగ్ నగర్ వైపు మా షాపులో చేసే అమ్మాయి మేడ మీద ఉండిపోయింది, పడవల్లో అన్నం పొట్లాలు వచ్చాయి, బడులు శిబిరాలయ్యాయి. అలాంటప్పుడు బడి మూయాలి, మూశారు. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకి కూడా అంతే, 28 రాత్రి తీరం దాటింది, 27 నుంచే సెలవులిచ్చారు, ముందే చెప్పారు, అది మంచి పద్ధతి. ముందే చెప్పగలరని దాంతో తేలిపోయింది కదా, మరి మామూలు వర్షాలకి ఆ పద్ధతి ఏమవుతుంది? వాతావరణ శాఖ వాళ్లు సాయంత్రం చెప్తారు, కలెక్టర్ గారి ఆర్డర్ రాత్రి పదింటికి వస్తుంది, ఒక్కోసారి తెల్లారి ఆరున్నరకి వస్తుంది. ఈలోపు వాట్సాప్‌లో పాత ఏడాది ఆర్డర్‌కి తారీఖు మార్చి ఎవడో పంపిస్తాడు, పిల్లలు గంతులేస్తారు, కలెక్టర్ గారి పేజీ కింద సార్ ప్లీజ్ హాలిడే ఇవ్వండి సార్ అని కామెంట్లు పెట్టేది కూడా వీళ్లే. నేను పొద్దున్న అయిదింటికి లేచి గుంటూరు వార్త చూసి మన జిల్లాకా కాదా అని వెతుక్కోవాలి. హెడ్మాస్టర్ (హెచ్ఎం) గారి వాయిస్ మెసేజ్ వచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. ఒకసారి అలాగే పిల్లలు బడికి వెళ్లి గేటు తాళం చూసి వానలో తడుస్తూ తిరిగొచ్చారు, పక్కింటి పిన్ని గారు చూసి లోపల కూర్చోబెట్టారు కాబట్టి సరిపోయింది.

సెలవుల్లో పెద్దది దసరా. బట్టల షాపులో చేసేవాళ్లకి దసరా అంటే ఏంటో చెప్పక్కర్లేదు, అమ్మవారి గుడికి వచ్చిన జనం అంతా కొండ దిగి వన్‌టౌన్‌లోకే వస్తారు, రాత్రి పదకొండు దాకా షాపు, లీవు మాటెత్తితే మానెయ్యమంటారు. సరిగ్గా అప్పుడే పిల్లలకి సెలవులు. 2025లో సెప్టెంబర్ 24 నుంచి అని క్యాలెండర్‌లో ఉంది, దానికి తగ్గట్టు మా తమ్ముడు 23 సాయంత్రం వచ్చి పిల్లల్ని నూజివీడు తీసుకెళ్తాడని మాట్లాడుకున్నాం. కొద్ది రోజుల ముందు మంత్రి గారు 22 నుంచే సెలవులు అని ప్రకటించారు, టీచర్లు, ఎమ్మెల్సీలు అడిగారట. అడిగినవాళ్లకి ఇచ్చారు, మంచిదే. తల్లుల్ని కూడా ఎవరైనా అడుగుతారేమో అని చూశా. ఆ రెండు రోజులు మా బాబుని షాపుకి తీసుకెళ్లా, ఓనరు గారు మంచివాళ్లు కాబట్టి ఏం అనలేదు, పైన గోడౌన్‌లో చీరల బేళ్ల మీద పడుకున్నాడు, పాప ఇంట్లో ఒక్కతే తలుపు గడియ పెట్టుకుని ఉంది. పన్నెండేళ్ల ఆడపిల్ల. నాకు కస్టమర్‌కి చీర చూపిస్తుంటే చేతులు పని చేశాయి గానీ మనసు ఇంటి గడియ మీదే.

ఇంకో విషయం. బడికి సెలవు లేకుండా కూడా బడి జరగని రోజులు చాలా ఉంటాయి, అవి ఏ క్యాలెండర్‌లోనూ రావు. ఎలక్షన్ డ్యూటీ, ఓటర్ల లిస్టు, ఆ సర్వే ఈ సర్వే, యాప్‌లో ఫొటోలు, ట్రైనింగ్‌లు. విద్యా హక్కు చట్టంలో టీచర్లని జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనికి పంపకూడదని ఉంది. అదే చట్టంలో ఏడాదికి అయిదో తరగతి దాకా 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలని ఉంది. నేను కనిపెట్టింది కాదు, మా పాప సోషల్ మేడం గారే చెప్పారు. బాత్రూం ఫొటో తీసి అప్‌లోడ్ అయ్యేదాకా నెట్‌వర్క్ కోసం గేటు దగ్గర నిలబడిన మాస్టారిని నేను కళ్లారా చూశా, లోపల క్లాసులో పిల్లలు సంత చేస్తున్నారు.

డబ్బుల పథకం గురించి కూడా చెప్పాలి, లేకపోతే రివ్యూ పూర్తి కాదు. పిల్లల్ని బడికి పంపే తల్లికి డబ్బులిచ్చే అమ్మ ఒడి వచ్చింది, అది ఇంటికి ఒక్కరికే ఇచ్చేవాళ్లు, ఇప్పుడు తల్లికి వందనం ఎంతమంది పిల్లలుంటే అంతమందికి, తలకి 15,000 అంటారు, బడి నిర్వహణకి 2,000 పట్టుకుని 13,000 అకౌంట్‌లో వేస్తారు. 2025 జూన్‌లో మాకు ఇద్దరికీ పడ్డాయి, అందులోంచే రెండు ఆటోల డబ్బులు కొంత కడుతున్నా, చాలా ఉపయోగం, అబద్ధం ఆడను. దానికి రూల్ ఏంటంటే పిల్లకి 75 శాతం హాజరు ఉండాలి. మంచి రూలే. మా పాపకి చికెన్‌పాక్స్ వచ్చి పడుకుంటే హాజరు తగ్గుతుందేమో అని భయపడి రోజూ లెక్క వేసుకున్నా. మరి బడి హాజరు తగ్గితే ఎవరి డబ్బు ఆపాలి? మూడో తరగతి పిల్లాడికి ఉన్న రూలు పెద్ద డిపార్ట్‌మెంట్‌కి ఉండదా అని మెగా పేరెంట్స్ మీటింగ్‌లో అడిగా. అందరూ చప్పట్లు కొట్టారు, పై నుంచి వచ్చిన సార్ నవ్వి మంచి పాయింట్ అమ్మా అని రాసుకున్నారు. ఏం రాసుకున్నారో మరి. ఆ రోజు భోజనం మాత్రం చాలా బాగుంది, పాయసం కూడా పెట్టారు.

ప్రైవేటుతో పోల్చమని మా చెల్లి అడిగింది కాబట్టి చెప్తున్నా. ప్రైవేటులో సెలవులు తక్కువ అనుకోకండి, వాళ్లకీ అవే ఆర్డర్లు. తేడా ఏంటంటే వాళ్లు రాత్రి ఎనిమిదింటికల్లా యాప్‌లో మెసేజ్ పెడతారు, బస్సు రాదు అని డ్రైవరే ఫోన్ చేస్తాడు. కొంతమంది సెలవుల్లో కూడా గేటు వేసి లోపల క్లాసులు నడిపిస్తారు, యూనిఫాం వద్దు మామూలు బట్టల్లో పంపండి అంటారు, అది తప్పే, పిల్లలకి పండగ లేదా అనిపిస్తుంది, కానీ డ్యూటీకి వెళ్లే తల్లికి లోలోపల అదే కావాలి, పైకి చెప్పదు. చదువు చూస్తే నా కళ్లతో చూశా, మా ఎదురింటి పిల్లాడికి డైరీ నిండా హోంవర్క్ ఉంటుంది, లెక్క అడిగితే గైడ్ చూస్తాడు. టీచర్లు ఏడాదికోసారి మారిపోతారు. నాకు మా మేడం గార్లే నయం. మరి అంత మంచి టీచర్లని పెట్టుకుని, అంత మంచి అన్నం పెట్టి, పిల్లలు ఎందుకు తగ్గుతున్నారో అని ఆఫీసుల్లో కూర్చుని ఆలోచిస్తారే, ఒక్కసారి మా బస్టాప్‌లో పొద్దున్న ఏడున్నరకి నిలబడితే చాలు. అక్కడ ప్రతి తల్లీ అడిగేది ఇంగ్లీషు మీడియం గురించి కాదు, ఇవాళ ఉందా అనే.

పెద్ద కోరికలేం లేవు. సెలవు ఇవ్వదలచుకుంటే ముందురోజు సాయంత్రం ఏడింటిలోపు చెప్పండి, జిల్లా పేరు, తారీఖు పెద్ద అక్షరాలతో పెట్టండి. ఎండ సెలవైనా, ఒంటిపూటైనా అన్నం, నీడ మాత్రం సాయంత్రం దాకా ఉంచండి, ఊళ్లో అంగన్‌వాడీ ఉంది, సచివాలయం ఉంది, ఎవరో ఒకరు చూస్తారు, దానికి గౌరవ వేతనం ఇవ్వండి, మా డ్వాక్రా గ్రూపులోనే పది మంది ముందుకొస్తారు. బడి కలపాలనుకుంటే జూన్‌లో కాదు, ముందు జనవరిలో ఊళ్లోకి వచ్చి ఆ దారిన పిల్లలతో ఒకసారి నడిచి చూసి అప్పుడు కాగితం రాయండి. కలిపాక అయిదేళ్ల దాకా కదపకండి.

అప్‌డేట్ కూడా రాసేస్తున్నా. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అన్నారు కదా, అందులో ఒక కొత్త మేడం గారు అక్టోబర్‌లో మా బాబు క్లాసుకి వచ్చారు. చిన్న వయసు, చాలా చురుకు, వాడు మొదటిసారి ఇంటికొచ్చి అడక్కుండానే పద్యం చెప్పాడు. పదిహేను రోజులు తిరక్కుండానే తుఫాను సెలవులు, తర్వాత పోయిన రోజులకి బదులు రెండో శనివారం బడి, ఆ శనివారం ఆటో ఆయన రాలేదు, ఆయనకి అది సెలవు లెక్కలోనే ఉందట, మా ఆయన ట్రాలీ వెనకాల వాడిని, ఇంకో నలుగురు పిల్లల్ని ఎక్కించుకుని దింపి వచ్చారు.

మొత్తం మీద అన్నానికి అయిదుకి అయిదు, టీచర్లకి నాలుగున్నర, పుస్తకాలు బట్టలకి నాలుగు, దూరానికి రెండు, క్యాలెండర్‌కి ఒకటి. కలిపి మూడు పెడుతున్నా. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని చేర్పించండి, ప్రైవేటుకి పోసే డబ్బు మిగులుతుంది, చదువుకి లోటు లేదు. ఇద్దరూ పనికెళ్లేవాళ్లయితే చేర్పించే ముందు హెచ్ఎం గారిని రెండు మాటలు అడగండి, వచ్చే ఏడాది ఈ తరగతి ఇక్కడే ఉంటుందా అని, సెలవు కబురు ఏ గ్రూపులో వస్తుంది అని. రెండోదానికి జవాబు చెప్తారు. మొదటిదానికి ఆయనకి కూడా తెలీదు, కాబట్టి ఆటో మాత్రం ఏడాదికి కాకుండా నెలకే మాట్లాడుకోండి.